ఏడో సూది

పొద్దున్నే బట్టల షాపు తలుపులు తీయకముందే సూదమ్మ తన సూదులు లెక్కపెట్టుకుంటుంది. రేకుడబ్బా మూత తీసి, ఒక్కొక్క సూదినీ కిటికీ వెలుగులోకి ఎత్తి, మొన వంగిందేమో చూసి, చొక్కాకి ఎడమవైపు గుండె మీద కుట్టుకున్న ఎర్రటి ఉన్నిముక్కలో గుచ్చుకుంటుంది. ఏడు. ఒక్కో సూదికీ ఒకసారి పెదవుల్లోనే దేవుణ్ణి తలుచుకుంటుంది. సాయంత్రం మళ్ళీ ఏడూ డబ్బాలోకి చేరాలి. చేరాక గోడకి వేలాడే సూదుల పుస్తకంలో 'ఏడు' అని రాసి సంతకం పెట్టాలి. సరిచేసి ఇచ్చిన బట్టలో సూది ఉండిపోతే అది ఎవరి ఒంట్లోనో దిగుతుంది, అందుకని షాపులో ఆ నియమం. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అలాంటి పుస్తకాలు ఎన్ని నిండాయో గాని, సూదమ్మ చేతిరాతలో 'ఆరు' అన్న మాట ఒక్క పేజీలోనూ లేదు.

ఆ గురువారం ఆమె నాలుగో సూది గుచ్చుకుంటూండగా ఫ్లోర్ మేనేజరు వచ్చి ఎదురుగా నిలబడింది. ముప్ఫై దాటని పిల్ల, చేరి రెండు నెలలు. ఎవర్నీ కసిరి మాట్లాడదు. చెప్పదలుచుకున్నది నవ్వుతూ చెబుతుంది. అందువల్ల అవతలివాళ్ళకి కోపం తెచ్చుకోవడానికి కూడా వీలుండదు.

"ఆంటీ, ఈ చొక్కా ఎన్నేళ్ళ నుంచి వేసుకుంటున్నారు మీరు?"

"ఇదా మేడమ్? కిందటేడు కుట్టుకున్నదే."

"ఇదని కాదు. ఇలాంటిది."

సూదమ్మ తన ఒంటివంక చూసుకుంది. బూడిదరంగు నూలుబట్ట. మోకాళ్ళు దాటిన పొడుగు, మణికట్టు దాకా చేతులు, మెడకి నిలువు పట్టీ. రెండు పక్కలా లోతైన జేబులు. కుడిదాంట్లో కత్తెర, సుద్దముక్క. ఎడమదాంట్లో దారపుండలు, కళ్ళజోడు, కిందపడ్డ సూదులు ఏరే అయస్కాంతం. ఎక్కడ ఏదుందో చూడనక్కర్లేదు, చెయ్యే వెళ్ళి తెచ్చుకుంటుంది.

"మొదట్నుంచీ ఇదే మేడమ్."

"అదే కదాంటీ నా బాధ! శనివారం నుంచి కొత్త సీజన్. కస్టమర్ కంటబడే ప్రతి మనిషీ సీజన్ బట్టలే వేసుకోవాలని పైనుంచి ఆర్డరొచ్చింది. మీ వయసువాళ్ళు మిమ్మల్ని చూసి 'ఈవిడే వేసుకుంది, నాకేం' అనుకోవాలి. మీ సైజు నేనే చూసి పక్కన పెట్టించా."

"నేను అమ్మే మనిషిని కాదు కదమ్మా. ఓ మూల కూర్చుని కుట్టుకునేదాన్ని."

"బలవంతమేం లేదాంటీ. వద్దనుకుంటే కింద మీకో టేబుల్ వేయిస్తా. అక్కడెవరూ చూడరు, మీకు నచ్చింది వేసుకోండి."

కింద అంటే నేలమాళిగ. అట్టపెట్టెలు, బట్టలు తొడిగే బొమ్మలు విరిగినవి, పగలూ రాత్రీ ఒకేలా వెలిగే ట్యూబులైటు. ఇంతకు ముందు ఇద్దర్ని అలాగే టేబుల్ వేసి కిందికి పంపారు. ఒకామె నెల్లాళ్ళుంది. రెండో ఆమె పద్దెనిమిది రోజులుంది. యాభైతొమ్మిదేళ్ళ సూదమ్మ కళ్ళకి ఈ కిటికీ వెలుగు ఉంటేనే సూదికన్ను కనబడుతుంది. నల్లబట్ట మీద నల్లదారం కుట్టేటప్పుడు మేఘం అడ్డొస్తే చెయ్యి ఆపేసి, అది పోయేదాకా కూర్చుంటుంది. ఆమెకి కిందకి వెళ్ళడమంటే పని మానెయ్యడమే. ఆ సంగతి మేనేజరుకి తెలుసో తెలియదో, నవ్వులో మాత్రం కనబడలేదు.

కిటికీకి అటువైపు ఎత్తు కుర్చీలో కోట్లు కుట్టే మాస్టారు కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటాయి. నల్ల వెయిస్ట్‌కోటు, ఇత్తడి గుండీలు, మెడలో టేపు. ఆయన్నీ ఎప్పుడూ వేరేలా చూసినవాళ్ళు లేరు.

"మరి మాస్టారో, మేడమ్?" అంది సూదమ్మ. అడిగాక అడక్కుండా ఉండాల్సిందనిపించింది.

"ఆయన సంగతి వేరాంటీ. అది క్లాసిక్. రేపు ఫొటోగ్రాఫర్ వస్తున్నాడు. మాస్టారి బొమ్మ గుమ్మంలో నిలువెత్తు పెడుతున్నాం."

ఆ వెయిస్ట్‌కోటు కుట్టింది సూదమ్మే. మొదటిది కుట్టిన ఏడాదే తన మొదటి బూడిదరంగు చొక్కా కూడా ఆ మిషను మీదే కుట్టుకుంది. ఒకే చేతిలోంచి వచ్చిన రెండు తీరుల్లో ఒకటి ఎప్పుడు పాతబడిందో, రెండోది ఎప్పుడు గొప్పదయిందో ఆమెకి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

మేనేజరు అటు వెళ్ళగానే మాస్టారు బల్ల కిందనుంచి ఒక కోటు మెల్లగా ఇటు జరిపాడు. మొహం మాత్రం కిటికీవైపే ఉంది. సూదమ్మ దాన్ని ఒళ్ళోకి తీసుకుని కాజాలు కుట్టడం మొదలుపెట్టింది. ఆయన కళ్ళకి మసక కమ్మి రెండేళ్ళయింది. వేళ్ళతో తడిమి కత్తిరించగలడు గాని కాజా కుట్టలేడు. ఈ కోటు ఇలా బల్ల కిందనుంచి వచ్చి వెళ్ళడం వాళ్ళిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు.

*

శుక్రవారం ఫొటోగ్రాఫరు దీపాలు నిలబెట్టాడు. మాస్టారి చేతికి కోటు ఇచ్చారు. దారం ఎక్కించిన సూది కావాలన్నారు. మాస్టారు దారం కొస నోట తడిపి, రెండుసార్లు గాలిలోకి పొడిచాడు. సూదమ్మ లేచి తను ఎక్కించి ఇచ్చింది.

"ఆంటీ, కొంచెం పక్కకి," అంది మేనేజరు. "ఫ్రేములోకొస్తున్నారు."

సూదమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. దీపాలు ఆరాక మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఆమె ఇచ్చిన సంచిలోని కొత్త బట్ట చూపించి, "మేడమ్, దీనికి జేబొకటి వేసుకోనా? కనీసం ఉన్నిముక్కైనా?" అని అడిగింది.

"అయ్యో, లైన్ పాడైపోతుందాంటీ! ఆ బట్ట అందమంతా జారడంలోనే ఉంది."

సాయంత్రం ఇంట్లో ఆ టాప్ వేసుకుని అద్దం ముందు నిలబడింది. నిమ్మపండు రంగు. భుజాల దగ్గర కోసేసి, ఆ కోత చుట్టూ మూడు వరసల కుచ్చులు. నీళ్ళలా జారే గుడ్డ. రెండు చేతులూ అలవాటుగా జేబుల కోసం వెళ్ళి, దొరక్క, పక్కల మీద జారి గాలిలో ఆగిపోయాయి.

"ఏమండీ, నవ్వకండి," అంటూ గదిలోంచి బయటికొచ్చింది.

ఒకప్పుడు బస్సు తోలిన మనిషి ఆయన. మోకాళ్ళు పట్టేసి ఇప్పుడు కుర్చీయే ఆయన బస్సు. పేపరు దించి చూసి, "ఎవరమ్మా మీరు? మా ఆవిడ ఇంట్లో లేదు, తర్వాత రండి," అన్నాడు.

సూదమ్మ నవ్వలేదు. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"చలేస్తుందా అందులో?"

"చలి కాదండీ. ఒంటి మీద ఏదీ లేనట్టుంది. ఎవరిదో ఒళ్ళు అద్దెకి తెచ్చుకున్నట్టుంది."

"పోనీ మానెయ్యవే. ఇన్నాళ్ళు కుట్టింది చాల్లే."

"మానేసి పొద్దున్నే లేచి ఏం లెక్కపెట్టుకోను?"

 ఆమె లోపలికి వెళ్ళి దేవుడి ముందు చేతులు జోడించింది. ఏం అడగాలో తెలియలేదు. ఒక చొక్కా గురించి దేవుణ్ణి విసిగించవచ్చా? లోకంలో ఎన్ని కష్టాలు! అయినా, నిలబడి ఉన్న కాసేపూ అదొక్కటే మనసులో మెదిలింది.

*

శనివారం షాపంతా నిమ్మపండు రంగే. గుమ్మంలో మాస్టారి నిలువెత్తు బొమ్మ పెట్టారు. వచ్చినవాళ్ళు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు.

ఏసీ గాలి సూదమ్మ భుజాల మీద తడిగుడ్డలా పడుతోంది. ఇద్దరు ఆడపిల్లలు అటుగా పోతూ ఆమెను చూసి వెంటనే తల తిప్పుకున్నారు. అందులో ఎగతాళి లేదు, జాలి ఉంది. ఎగతాళైతే ఆమె తట్టుకునేది.

"సూదమ్మా," అన్నాడు మాస్టారు, "గొంతు నీదే. కుర్చీలో మాత్రం నిమ్మకాయేదో కూర్చున్నట్టుంది."

"మీకు అదైనా కనబడింది, సంతోషం."

అప్పటికే ఒకసారి చెయ్యి అలవాటు కొద్దీ సూదిని గుండెమీదికి తీసుకెళ్ళి గుచ్చింది. ఉన్ని లేదు, పల్చటి గుడ్డ దాటి మొన చర్మంలోకి దిగింది. నిమ్మరంగు మీద ఆవగింజంత నెత్తురు. ఆ తర్వాత నుంచి ఎడమ భుజం కింద కుచ్చు మూడు మడతలుగా ఉన్నచోట గుచ్చుకుంటూ వచ్చింది.

మూడు గంటలప్పుడు ఒక పెద్దావిడ కూతురితో వచ్చింది. ముదురు నీలం గౌను, తెల్ల కాలరు, చేతికి పెద్ద గడియారం. ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన టీచరమ్మ అట. మర్నాడు సాయంత్రం పాత విద్యార్థులు ఆవిడకి సన్మానం చేస్తున్నారట. కూతురు సూదమ్మ వేసుకున్నలాంటి నిమ్మరంగు టాపే ఆవిడ చేత వేయించి, అద్దం ముందు నిలబెట్టింది.

"ఇదేమిటే, భుజాలు మర్చిపోయినట్టున్నారు కుట్టినవాళ్ళు," అంది టీచరమ్మ.

"అమ్మా! ఇంకా ఆ నీలం గౌనేనా? అందరూ ఎంత స్టైల్‌గా వస్తారో తెలుసా? వాళ్ళ మధ్య బీరువాలోంచి దిగినట్టు నిలబడతావా?"

"వాళ్ళకి నేను ఆ గౌన్లోనే తెలుసే." టీచరమ్మ అద్దంలోంచి సూదమ్మ వైపు చూసింది. "ఏమమ్మా, మీరు చెప్పండి. నా ఈడు మనిషి. నిజం చెప్పండి. బాగుందా నాకు?"

సూదమ్మ నోరు తెరిచింది. టీచరమ్మ రెండు చేతులూ పక్కల మీద జేబుల కోసం తడుముకుంటున్నాయి. నిన్న ఇంట్లో అద్దంలో చూసిన చేతులే అవి. అద్దంలో, ఆ చేతుల వెనకాల, మేనేజరు నవ్వుతూ నిలబడి ఉంది.

"బాగుందమ్మా," అంది సూదమ్మ. "చూడండి, నేనూ వేసుకున్నాగా."

టీచరమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. పాఠం అప్పజెప్పిన పిల్లని నమ్మినట్టు నమ్మింది.

"మీరు వేసుకున్నారంటే సరే."

పక్కలు బిగించి, అంచు రెండంగుళాలు మడవాలి. గంటలో ఇవ్వాలి. సూదమ్మ ఎప్పట్లాగే పైభాగం నేలకి తగలకుండా తన ఎడమ భుజం మీద వేసుకుని, అంచు ఒళ్ళో పరుచుకుని కుట్టింది. మేనేజరు రెండుసార్లు వచ్చి "అయిందా ఆంటీ?" అంది. ఇస్త్రీ చేసి, మడిచి, సంచిలో పెట్టి ఇచ్చేసింది. టీచరమ్మ వెళుతూ వెళుతూ ఆమె చెయ్యి పట్టుకుని, "థాంక్స్ అమ్మా," అంది.

సాయంత్రం డబ్బాలోకి ఆరు సూదులే వచ్చాయి.

మళ్ళీ లెక్కపెట్టింది. ఆరు. కుచ్చులన్నీ విప్పి తడిమింది. కుర్చీ కింద, బల్ల కింద, ట్రయల్ రూములో మోకాళ్ళ మీద పాకుతూ అయస్కాంతం తిప్పింది. గుండుసూదులు రెండొచ్చాయి, తుప్పుపట్టిన హుక్కొకటి వచ్చింది. ఏడోది రాలేదు.

"ఊడ్చినదాంట్లో పోయుంటుందిలే," అన్నాడు మాస్టారు గొంతు తగ్గించి. "చెప్పకు. చెప్పావో, నువ్వు కిందకి. నువ్వు కిందకెళితే నేనేం కాను?"

"ఆవిడ ఒంట్లో గుచ్చుకుంటే, మాస్టారూ?"

 అంతలో మేనేజరు తాళాలు పట్టుకుని వచ్చింది. "ఇంకా అవలేదా ఆంటీ? ఈ రోజు అదరగొట్టేశారు! మిమ్మల్ని చూసే కొన్నారు ఆవిడ." పుస్తకం తీసి, పేజీ తిప్పి, కలం కూడా చేతికిచ్చింది.

సూదమ్మ 'ఏడు' అని రాసింది. సంతకం పెట్టింది. ఆ రోజు ఆడిన అబద్ధాల్లో అది రెండోది.

*

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పక్కకి తిరిగినప్పుడల్లా ఎక్కడో ఏదో గుచ్చుకున్నట్టయింది. తెల్లారగానే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టి, బూడిదరంగు చొక్కా తొడుక్కుంది.

"ఆదివారం షాపేంటే?" అన్నాడు భర్త.

"షాపుకి కాదండీ." చొక్కా జేబులో అయస్కాంతం, కత్తెర వేసుకుంది. ఆల్టరేషన్ చీటీ మీది చిరునామా రాసుకున్న కాగితం వేసుకుంది.

టీచరమ్మ ఇల్లు మూడో అంతస్తులో ఉంది.  తలుపు కూతురు తీసింది. సూదమ్మ చెప్పాల్సింది గడపలోనే చెప్పేసింది, లోపలికి వెళితే చెప్పలేనేమోనని.

"నిన్న మీ బట్టలో నా సూది ఉండిపోయిందేమోనమ్మా. లెక్క తప్పింది."

"ఏంటీ? సూదా?" కూతురు గొంతు లేచింది. "అది వేసుకుని వేదిక ఎక్కుంటే మా అమ్మ గతేంటి? ఇన్ని చెప్పి అమ్ముతారు, చివరికి ఇదా?"

"లోపలికి రానివ్వవే ముందు," అంది వెనకనుంచి టీచరమ్మ.

నిమ్మరంగు టాప్ తలుపుకి హ్యాంగర్‌తో వేలాడుతోంది. ఇంకా వేసుకోలేదు. సూదమ్మ దాన్ని దించింది. బల్ల మీద పరిచి, అంచు వెంబడి అయస్కాంతం నడిపింది. ఏమీ లేదు. కుడిపక్క కుట్టు. ఏమీ లేదు. ఎడమపక్క పైకి వెళుతూ భుజం కింద కుచ్చు దగ్గరికి వచ్చేసరికి అయస్కాంతం చేతిలో చిన్నగా తుళ్ళింది. మూడు మడతల కింద, పడుకున్నట్టుగా, సరిగ్గా గుండె మీద, సూది.

కుట్టేటప్పుడు భుజం మీద వేసుకున్నది ఈ కుచ్చే. అదే రంగు, అదే గుడ్డ, అదే చోటు. ఏది తన ఒంటిమీదిదో, ఏది మరొకరిదో చేతికి తెలియలేదు. బూడిదరంగు చొక్కా ఒంటి మీదుంటే ఈ తప్పు జరగడానికి వీల్లేదు.

సూదిని తీసి ఎర్ర ఉన్నిలో గుచ్చుకుంది.  టీచరమ్మ ఆ ఉన్నిముక్కనీ, జేబుల్నీ, మెడపట్టీనీ చూస్తూ కూర్చుంది.

"మీ బట్ట ఇదన్నమాట," అంది చివరికి. "నిన్న దీంట్లో ఉండుంటే, బాగుందని చెప్పేవారా నాకు?"

సూదమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఎందుకు చెప్పారు మరి?"

"భయమేసిందమ్మా."

"నేను మాత్రం ఎందుకు కొన్నాననుకున్నారు?" అని టీచరమ్మ లేచింది. బీరువా తెరిచి నీలం గౌను తీసి, కాలరు మీద లేని దుమ్ము దులిపింది. "ఏమే, ఇస్త్రీ పెట్టె పెట్టు."

కూతురు కదల్లేదు. "రేపు షాపుకి ఫోన్ చేస్తాను. వదిలే సమస్యే లేదు."

"మీరు చేసేలోపే నేను చెబుతానమ్మా," అంది సూదమ్మ.

*

సోమవారం సూదుల పుస్తకం తెరిచి, శనివారం రాసిన 'ఏడు' మీద గీత కొట్టింది. పక్కన 'ఆరు' అని రాసింది. కింద, ఏడోది ఆదివారం ఎక్కడ దొరికిందో కూడా రాసి సంతకం పెట్టింది. మేనేజరు అది చదివింది. ఆమె మొహం నవ్వు లేకుండా ఎలా ఉంటుందో సూదమ్మ అప్పుడే మొదటిసారి చూసింది. చిన్నపిల్ల మొహం. తనూ ఎవరికో జవాబు చెప్పుకోవాల్సిన మొహం.

"రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదాంటీ."

"నాకు తెలిసింది కదమ్మా."

మేనేజరు ఆమె చొక్కా వైపు చూసి, తల దించుకుని, "కింద టేబుల్ వేయించానాంటీ," అంది.

నేలమాళిగలో అట్టపెట్టెల మధ్య టేబులు. పక్కన చేతుల్లేని బొమ్మ ఒకటి గోడకి మొహం పెట్టి నిలబడింది. ట్యూబులైటు జుయ్యిమంటోంది. సూదమ్మ దారం తడిపి సూదికన్నులోకి తోసింది. పక్కకి పోయింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ తోసింది. కన్ను ఉందని వేలికి తెలుస్తోంది, కంటికి తెలియడం లేదు. ఎన్నిసార్లు తోసిందో లెక్క తప్పింది. సూదిని ఉన్నిలో గుచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. 'దేవుడా, నిజం చెప్పినందుకా?' అనుకుంది. అనుకున్నాక, నిజమంతా తను మాత్రం ఎక్కడ చెప్పింది, రెండేళ్ళుగా బల్ల కింద కోట్లు కుట్టలేదా, అనిపించింది. ఆ తర్వాత ఏమీ అనుకోలేదు. చేతుల్లేని బొమ్మని చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం మెట్ల మీద చప్పుడైంది. ఒక మెట్టు, ఆగడం, ఇంకో మెట్టు. గోడ తడుముకుంటూ మాస్టారు దిగుతున్నాడు. భుజం మీద నల్ల కోటు. వెనకాల మేనేజరు.

"మాస్టారూ, పడతారు! పైన జనం మీ కోసం చూస్తున్నారు. ఈ కోటు నాలుగింటికి ఇవ్వాలి!"

"అందుకే దిగుతున్నా తల్లీ." ఆఖరి మెట్టు మీద ఆగి, మొహం ట్యూబులైటు వైపు తిప్పి, "సూదమ్మా, ఎక్కడున్నావు? ఈసారి నిమ్మరంగు కూడా లేదు, పట్టుకోవడం కష్టంగా ఉంది," అన్నాడు.

సూదమ్మ లేచి ఆయన చెయ్యి పట్టుకుంది.

"మేడమ్," అన్నాడు ఆయన, "గుమ్మంలో నా బొమ్మ పెట్టారు చూడండి. ఆ చేతిలో కోటు ఉంది. ఆ కోటుకి నాలుగు కాజాలు. అవి నావి కావు. రెండేళ్ళుగా ఒక్కటీ నాది కాదు. నాకు కళ్ళు లేవు. ఈవిడ కుడుతోంది."

మేనేజరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. 

"ఇప్పుడు చెబితే ఎలా మాస్టారూ? బొమ్మ పెట్టేశాం. పైన మీరు కూర్చోకపోతే..."

"బొమ్మ ఉందిగా. అది కూర్చుంటుంది." తడుముకుంటూ టేబుల్ దగ్గరికి వచ్చి, సూదమ్మ కుర్చీలో కూర్చున్నాడు. టేపు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. "నాకు ఇక్కడైనా ఒకటే, అక్కడైనా ఒకటే. తడిమి కత్తిరించేదానికి వెలుగెందుకు? ఆ కిటికీ దానితో పనున్నవాళ్ళకియ్యండి."

మేనేజరు గడియారం చూసుకుంది. కోటు చూసింది. నాలుగు చోట్ల సుద్దగీతలున్నాయి, కాజాలు లేవు. పైనుంచి ఎవరో ఆమెను పిలిచారు. 

"ఈ ఒక్క కోటు వరకే ఆంటీ," అంది.

"ఈ ఒక్క కోటే," అంది సూదమ్మ.

మాస్టారు అప్పటికే చీకటి మూలకి తిరిగి కూర్చుని, సుద్ద కోసం వేళ్ళతో బల్ల వెతుక్కుంటున్నాడు. సూదమ్మ తన జేబులోని సుద్దముక్క తీసి ఆయన అరచేతిలో పెట్టింది. కోటు మడిచి చంకన పెట్టుకుని మెట్లెక్కింది.

గుమ్మంలో బొమ్మ పక్కన ఎవరో నవ్వుతూ నిలబడి ఫొటో దిగుతున్నారు. బూడిదరంగు చొక్కాలో ఆమె నిమ్మరంగుల మధ్యనుంచి నడుచుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎవరూ తల తిప్పుకోలేదు, ఎవరూ చూడలేదు కూడా. కోటు ఒళ్ళో పరిచింది. ఎండ సరిగ్గా మొదటి గీత మీద పడుతోంది. ఉన్నిలోంచి ఏడో సూది తీసి, దారం కన్నులోకి తోసింది. ఒక్కసారికే ఎక్కింది.

నాలుగింటికి ఇంకా రెండు గంటలుంది. మామూలుగా ఆ పని గంటలో అయిపోతుంది. సూదమ్మ మొదటి కుట్టు వేసి, నిదానంగా ముడి బిగించి, ఎండ ఎంత దూరం జరిగిందో చూసుకుంది. తర్వాత రెండోది వేసింది.